పందొమ్మిదో మెట్టు

గండికాపు, పన్నెండో వెర్షన్. విడుదల పనుల దినచర్య. రాస్తున్నది సువార్త. మా ప్రాజెక్టులో దాపరికం లేదు. కోడ్ అందరిదీ, ఈ దినచర్యా అందరిదీ. చదివి తిట్టాలనిపించినవాళ్లకు కింద జాగా ఉంది, తిట్టవచ్చు.

పోటు 16,204. అమావాస్యకు పన్నెండు రోజులు.

పొద్దున పోటు దిగేలోపే, విడుదల పనులన్నీ తనే చేసుకుపోయే స్క్రిప్టు పూర్తయింది. దానికి పేరు పెట్టలేదు. పేరు పెడితే జనం దాన్ని మనిషిలా చూడటం మొదలుపెడతారు, ఆ తర్వాత దానికీ ఆదివారం సెలవు కావాలంటారు.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. పైన వేసే పోటు అంకె కట్ట కట్టిన నాటి నుంచి లెక్క. మా కట్టకు నలభై ఒక్క లాకులు. పోటుకు మూసుకోవాలి, ఆటుకు తెరుచుకోవాలి. మా కాలవల నీళ్లు సముద్రంలోకి పోవాలి గాని సముద్రం మా ఇళ్లలోకి రాకూడదు. ఆ మూయడం, తెరవడం చూసుకునే సాఫ్ట్‌వేరే గండికాపు. పుట్టింది ఇక్కడే అయినా ఇప్పుడు మా ఒక్కరిదే కాదు. సముద్రం గుమ్మందాకా వచ్చిన ప్రతి డెల్టాలోనూ వాడుతున్నారు, దిద్ది పంపుతున్నారు. ఏటా పెద్ద అమావాస్య పోటుకు ముందు ఆ దిద్దుబాట్లన్నీ కలిపి కొత్త వెర్షన్ విడుదల చేస్తాం. విడుదలకు ముందు నిలబెట్టేదాన్ని క్యాండిడేట్ అంటాం. ఎన్నికల్లో నిలబడ్డ మనిషి లాంటిదే. నెగ్గితే విడుదల, లేకపోతే ఇంటికి.

ఈ క్యాండిడేట్‌ను తయారుచేయడం పదకొండేళ్లు అంకాలరావు బాబాయ్ ఒక్కడి పని. నీలం అట్ట నోటుపుస్తకంలో ముప్పై ఒక్క మెట్లు రాసుకున్నాడు. వెర్షన్ అంకె మార్చు, మార్పుల జాబితా రాయి, బిల్డ్ చెయ్యి, టెస్టులు నడుపు, సంతకం వేయి. అన్నీ చేత్తోనే. తొమ్మిది రోజులు పట్టేది. వేళ్లు వణకడం మొదలయ్యాక పుస్తకం నా చేతికిచ్చాడు. మొదటి పేజీలో ‘నిదానమే ప్రధానం’ అని ఉంది. నేను ఎనిమిదో నెలలోనే పుట్టినదాన్ని. ఆగడం నా ఒంట్లో లేదు.

ముప్పై మెట్లు స్క్రిప్టులోకి ఎక్కించాను. ఒకటి వదిలేశాను. పందొమ్మిదోది. ‘ఇరవై తొమ్మిదో లాకు దగ్గర టీ. ఒక పోటు, ఒక ఆటు.’ ఇంతే రాసి ఉంది. అంటే రెండు గంటలు లాంచీలో వెళ్లి, పన్నెండు గంటలపైన టీ తాగుతూ కూర్చుని, మళ్లీ రెండు గంటలు వెనక్కి రావడం. స్క్రిప్టు టీ తాగదు. కొట్టేశాను.

పోటు 16,206. అమావాస్యకు పదకొండు రోజులు.

మొదటిసారి నడిపాను. తొమ్మిది రోజుల పని ముప్పై ఎనిమిది నిమిషాల్లో ముగిసింది. అందులోనూ ఇరవై నిమిషాలు టెస్టులవే. నాకు ఎంత గర్వంగా ఉందో దాచుకోను.

ఆ మాట చెప్పాలని బాబాయ్ ఇంటికి వెళ్లాను. ఆయన ఇల్లు కట్ట మీదే. వాకిట్లో కుర్చీ వేసుకుని సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాడు.

“ఎంతసేపు పట్టింది?”

“ముప్పై ఎనిమిది నిమిషాలు, బాబాయ్.”

“మంచిదే. పందొమ్మిదోది ఏం చేశావు?” అన్నాడు.

“తీసేశాను. టీ తాగడం కోడ్‌లో ఎట్టా రాస్తాం?”

“లోపలికి రా. టీ తాగి పోదువుగాని.”

“టైము లేదు బాబాయ్. ఇంకా మూడు లాకులకు ఎక్కించాలి.”

“తాగి పోవే.”

“ఇంకోసారి వస్తాలే.”

“సరేలే” అన్నాడు. ముసలాయనకు తన పని పోయిందన్న దిగులు అనుకున్నాను. జాలేసింది. ఆ జాలి ఎవరి మీద పడాల్సిందో అప్పటికి తెలియదు.

పోటు 16,212. అమావాస్యకు ఎనిమిది రోజులు.

క్యాండిడేట్‌ను నాలుగు, పదిహేడు, ఇరవై తొమ్మిది లాకుల మీద పెట్టాను. బాబాయ్ ఎప్పుడూ ఇరవై తొమ్మిదో లాకు ఒక్కదాని మీదే పరీక్షించేవాడు. నాది అంతకు మూడింతలు.

ఈసారి పెద్ద మార్పు ఒకటుంది. ఖుల్నా వైపు డెల్టా నుంచి షిరీన్ అనే ఆవిడ పంపింది. ఇదివరకు లాకు తలుపు దిగడానికి పదకొండు నిమిషాలు పట్టేది. ఇప్పుడు నాలుగు. తుపాను రోజుల్లో ఆ ఏడు నిమిషాలు ఎంత విలువైనవో నేను చెప్పక్కర్లేదు.

ఇక నేను చేసిన మార్పు. లాకును కాసే మనిషిని మా తాతల నాటి నుంచీ లస్కరు అనే అంటాం. ప్రతి లాకు స్తంభానికీ ఒక తెర బిగించాను. పోటు పోటుకూ లస్కరు వచ్చి ‘సరే’ గాని ‘సరిగా లేదు’ గాని నొక్కాలి. రెండోది నొక్కితే కారణం రాయడానికి గడి తెరుచుకుంటుంది, రాసింది కింద ఊళ్లలో అందరి ఫోన్లకూ పోతుంది. ఇవాళ ముగ్గురూ నిమిషంలోపే ‘సరే’ నొక్కారు.

పరీక్ష మొదలయ్యాక ఆరు రోజులు ఎవరూ అభ్యంతరం రాయకపోతే స్క్రిప్టు తనంతట తానే విడుదల చేస్తుంది. అమావాస్యకు రెండు రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి. ఎవరూ ఆపలేరు, నేను కూడా. లస్కరు తన లాకు తెర మీద, తన చేత్తో అభ్యంతరం రాస్తే తప్ప. పోయిన ఏడు కమిటీలో ఒక పెద్దమనిషి మంచిరోజు కాదని మూడు వారాలు విడుదల ఆపించాడు. పోటుకు రెండు రోజులుందనగా వచ్చింది వెర్షన్. అందుకే ఈ నిబంధన. పెట్టించింది నేనే, సభలో చప్పట్లు కొట్టించుకున్నదీ నేనే.

పోటు 16,216. అమావాస్యకు ఆరు రోజులు.

మా ఇంటికి పెరుగు పోసే బుల్లెమ్మ ఇవాళ సగం చెంబే తెచ్చింది.

“గేదెలు నీళ్లు తాగట్లేదమ్మా. కాలవలో మూతి పెట్టి తీసేస్తన్నాయి. నీళ్లు లేకపోతే పాలెట్టా వస్తాయి?”

“ఏ కాలవ?”

“ఇరవై తొమ్మిది కిందదే.”

కాలవలో ఉప్పును కొలిచే మీటరు చూశాను. పచ్చరంగు. పరిమితి లోపలే ఉంది. కానీ గేదె నాలుక పరిమితులు చదవదు. పంపు లెక్కలు కూడా తీశాను. ఇరవై తొమ్మిది వెనక ఉన్న పంపు రోజుకు నలభై నిమిషాలు ఎక్కువ తిరుగుతోంది. క్యాండిడేట్ పెట్టిన రోజు నుంచీ.

లాకు తెర చూశాను. పోటు పోటుకూ ‘సరే’. ఒక్కటి కూడా తప్పలేదు.

ఇది అష్టమి దాటిన చిన్న పోటు. అప్పుడే ఇలా ఉంటే అమావాస్యకు నీళ్లు ఇంకో నిలువు లేస్తాయి. ఆ లాకు కింద ఆరు వందల పద్నాలుగు ఇళ్లున్నాయి.

పోటు 16,218. అమావాస్యకు అయిదు రోజులు.

షిరీన్‌కు రాశాను. గంటలో జవాబు వచ్చింది.

“మా లాకులు కొత్తవి, అడుగున గచ్చు నున్నగా ఉంటుంది. మీ లాకు అడుగు ఎవరైనా చూశారా? గొలుసు మీద బరువు తగ్గితే తలుపు మూసుకుందని గండికాపు లెక్కేసుకుంటుంది. తలుపు దేని మీద కూర్చుందో దానికి తెలియదు. కావాలంటే నా మార్పు వెనక్కి తీసుకుంటాను. నొచ్చుకోను.”

మంచి మనిషి. కానీ ఆమె మార్పు తీసేస్తే అది కొత్త క్యాండిడేట్ అవుతుంది. కొత్తదానికి మళ్లీ ఆరు రోజులు. పైగా ఇప్పటి క్యాండిడేట్ విడుదలకు నడుస్తూనే ఉంటుంది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని పెద్దలు ఊరికే అనలేదు. నేను తీసిన గొయ్యికి కొలతలు కూడా సరిగ్గా ఉన్నాయి.

పోటు 16,220. అమావాస్యకు నాలుగు రోజులు.

లాంచీ ఎక్కి ఇరవై తొమ్మిదో లాకుకు వెళ్లాను. లస్కరు మస్తానమ్మ పిన్ని స్తంభం దగ్గరే ఉంది. అరవై దాటినా గొలుసు మీద చెయ్యి వేస్తే మోటారు అక్కర్లేనట్టుంటుంది.

“లాకు ఎట్టుంది పిన్నీ?”

“బంగారం.”

“సరిగ్గా మూసుకుంటోందా?”

“బంగారమన్నాగా.”

“కింద కాలవలో గేదెలు నీళ్లు తాగట్లేదంట.”

ఆమె సముద్రాన్ని చూసింది, నన్ను చూసింది. “ఎండన పడి వచ్చావు. లోపలికి రా, టీ పెడతా” అంది.

వద్దనబోయాను. బాబాయ్ కుర్చీలోంచి అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.

తలుపు దగ్గరికి వేసింది. టీ ఇచ్చింది. ఊళ్లో సంగతులు అడిగింది. ఇంకో టీ ఇచ్చింది. నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. ఆటు వచ్చి లాకు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. మూడో టీ ఇచ్చి అప్పుడు చెప్పింది.

“అడుగున బురద మేటేసింది. ఇన్నేళ్లూ తలుపు మెల్లంగ దిగేది. దిగే లోపల నీళ్లే తోసుకెళ్లేయి ఆ బురదని. ఇప్పుడు దభీమని పడతంది. పడి బురద మీద కూచుంటంది. జానెడు సందు. పోటప్పుడు వంగి చూస్తే కనపడద్ది.”

“మరి రోజూ ‘సరే’ ఎందుకు నొక్కుతున్నావు పిన్నీ?”

“కట్ట మీద నిలబడి లాకుని బాలేదంటామా?”

ఇది నాకు తెలియనిది కాదు. మా అమ్మ పన్నెండో లాకు లస్కరు. నేను కట్ట మీద పెరిగినదాన్ని. కట్ట మీద లాకును తప్పుపట్టకూడదన్నది పాలతో పాటు తాగిన మాట. వినేవాళ్లకు ఇది మూఢనమ్మకంలా ఉంటుంది. కట్ట కట్టిన మూడో ఏడు ముప్పై మూడో లాకు లస్కరు కట్టెక్కి, లాకు నిలవదని అరిచాడు. కింద ఊళ్లన్నీ పరుగు లంకించుకున్నాయి. పంపుల దగ్గరి మనుషులు కూడా పరుగెత్తారు. లాకు నిలిచింది. నడిపేవాళ్లు లేక పంపులు ఆగిపోయి, లోపలి కాలవ నీళ్లకే ఊరు మునిగింది. ఆనాటి నుంచి లాకు సంగతి ఏదైనా ఇంట్లో, తలుపేసుకుని, నిదానంగా చెప్పుకోవడం ఆనవాయితీ. నేను ఆ తెరను తీసుకెళ్లి కట్ట మీద స్తంభానికి బిగించాను. నోటితో అనకూడదు గాని వేలితో నొక్కితే ఏమవుతుందిలే అనుకున్నాను.

“మీ బాబాయ్ ప్రతి ఏడూ వచ్చేవాడు” అంది పిన్ని. “ఏమీ అడిగేవాడు కాడు. ఇక్కడే కూచునేవాడు. ఉన్న లాకుల్లో నాదే ముసలిది. ఇది ఒప్పుకుంటే మిగతాయన్నీ ఒప్పుకుంటాయనేవాడు.”

పోటు 16,222. అమావాస్యకు మూడు రోజులు.

పొద్దున్నే కమిటీ అధ్యక్షురాలి దగ్గరికి వెళ్లాను. “నువ్వు పెట్టించిన నిబంధనేగా అమ్మా” అంది. ఎగతాళి కాదు, నిజంగానే బాధపడుతూ అంది. ఇరవై తొమ్మిదిని ఒక్కదాన్నే పాత వెర్షన్‌లో ఉంచవచ్చా అని అడిగాను. కుదరదు. పరీక్ష రోజుల్లో తప్ప నలభై ఒక్కటీ ఒకే వెర్షన్‌లో ఉండాలి. ఒకటి వేరైతే అక్కడ గండి పడిందనుకుని మిగతావి బిగుసుకుపోతాయి. ఆ కోడ్ కూడా నాదే.

నిన్న బయల్దేరేముందే మస్తానమ్మ పిన్నిని అడిగాను. ‘సరిగా లేదు’ నొక్కి, లాకు సరిగ్గా మూసుకోవడం లేదని ఒక్క ముక్క రాయమన్నాను. ఆరు వందల పద్నాలుగు ఇళ్లని చెప్పాను. వాటిలో తన కూతురి ఇల్లూ ఉందని ఆమెకు నేను చెప్పాలా? కళ్లు తుడుచుకుంది. “రాయలేనమ్మా” అంది. “నేను రాస్తే కింద అందరి ఫోన్లూ మోగుతాయి. ఇరవై తొమ్మిది పోతందని పరిగెత్తుతారు. మా నాయన మునిగింది అట్టాగే. నేను చూశా.”

సాయంత్రం బాబాయ్ ఇంటికి వెళ్లాను. ఈసారి ఆయన పిలవకముందే లోపలికి వెళ్లి కూర్చున్నాను. టీ నేనే పెట్టాను. ఆయన కప్పు పట్టుకుంటే సాసరు టకటకలాడింది.

“నాకు ముందే చెప్పొచ్చుగా బాబాయ్” అన్నాను. ఏడుపొచ్చింది.

“లోపలికి రమ్మన్నాగా.”

“అవును, రమ్మన్నావు. నేనే రాలేదు.”

“పుస్తకంలో సరిగ్గా రాయకపోవడం నాదీ తప్పే. చదివేది కట్ట పిల్లేగా, టీ అంటే అర్థమవుద్దిలే అనుకున్నా.” కప్పు కింద పెట్టాడు. “మస్తానమ్మను ఏం రాయమన్నావు?”

“లాకు సరిగ్గా మూసుకోవడం లేదని.”

“రాయదుగా మరి. అయినా తప్పు లాకుదా?”

ఆ ప్రశ్న మోసుకుని ఇంటికి వచ్చాను. తప్పు లాకుది కాదు. ఇరవై మూడేళ్లుగా అది బురదను తనే కడుక్కుంటూ పనిచేసింది. షిరీన్‌దీ కాదు. ఆమె తన లాకులకు మంచిదే రాసింది. ఇక్కడ అడక్కుండా పెట్టింది నేను. అందరి ముందూ నా పేరు పెట్టి రాయించుకోవడానికి నాకు మనసొప్పడం లేదు, అదీ అసలు సంగతి. ఖుల్నా నుంచి మెకాంగ్ దాకా చదువుతారు. రాస్తే రాయనీ. తెల్లారగానే మొదటి లాంచీ.

పోటు 16,223. అమావాస్యకు రెండు రోజులు.

లాంచీ ఇంజను దారిలో రెండుసార్లు ఆగింది. ఇరవై తొమ్మిదో లాకు చేరేసరికి పదకొండు దాటి ఇరవై నిమిషాలు. పిన్ని ఇంట్లోనే ఉంది. టీ వద్దనలేదు. నిలబడి తాగాను, అంతకన్నా నావల్ల కాలేదు.

“పిన్నీ, లాకు మీద ఏమీ రాయొద్దు. నా మీద రాయి.”

“నీ మీదేంది?”

“తప్పు చేసింది నేను. అడగాల్సిన చోట అడగలేదు. అదే రాయి. ఎంత ఘాటుగానైనా రాయి.”

“నిజంగా రాయమంటావా?” అంది.

“రాయి పిన్నీ.”

కట్ట మీదికి వచ్చింది. ‘సరిగా లేదు’ నొక్కింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది. పక్కన నిలబడి గడియారం చూస్తూ నేను గోళ్లు కొరుక్కున్నాను. ఒక చోట ఒత్తు కోసం ఆగింది. నేను చెయ్యి చాస్తే కొట్టింది, “లస్కరు చేత్తోనే రాయాలన్నావుగా” అని. పదకొండూ యాభై రెండుకు పంపింది. ఆమె రాసింది రాసినట్టు ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే ఇది అందరి దినచర్య.

‘లాకు బంగారం. దాని మీద మాకే ఫిర్యాదూ లేదు. ఎవరూ పరిగెత్తక్కర్లేదు. క్యాండిడేటు బాలేదు. దాన్ని చేసిన సువార్తకు తొందర ఎక్కువ. చిన్నప్పుడూ ఇంతే, ఉడకని అన్నం తినేది. ఇంట్లోకి రాని మనిషి పంపింది మేం లాకుకు పెట్టుకోం.’

స్క్రిప్టు దాన్ని చదివింది. అది ఎవరి మీద ఫిర్యాదో దానికి పట్టదు, రాతలో ఉంటే చాలు. విడుదల ఆగింది. మూడు లాకులూ పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లాయి. కింద ఊళ్లలో ఫోన్లు మోగాయి. జనం చదువుకుని నవ్వుకున్నారట. పంపు దగ్గర మనిషి ఒక్కడూ కదల్లేదు.

ఉడకని అన్నం సంగతి నిజమే. ఆమెకెలా తెలుసో మా అమ్మనే అడగాలి.

పోటు 16,227. అమావాస్య.

మధ్యాహ్నం పోటుకు ఇరవై తొమ్మిదో లాకు దగ్గరే ఉన్నాను. పాత వెర్షన్ పదకొండు నిమిషాలు తీసుకుని తలుపు దించింది. సందులోంచి నల్లటి బురద సుడులు తిరుగుతూ బయటికి పోవడం కళ్లారా చూశాను. తలుపు అడుగున గచ్చుకు తగిలిన చప్పుడు పాదాలకు తెలిసింది. నీళ్లు కట్ట అంచుకు మూరెడు దూరం దాకా లేచి, అక్కడే గంటసేపు నిలబడి, దిగాయి. పిన్ని స్తంభం మీద ఒకసారి చెయ్యి వేసింది.

పోటు 16,296. రెండో క్యాండిడేట్.

షిరీన్ తన మార్పును తిరగరాసి పంపింది. నాలుగు నిమిషాలా, పదకొండా అన్నది ఇప్పుడు ఏ లాకుకు ఆ లాకు చెప్పుకోవచ్చు. తెరలను స్తంభాల మీద నుంచి తీయించి లస్కర్ల ఇళ్లలో, పొయ్యి పక్కన పెట్టించాను. వెర్షన్ అంకె, జాబితా, బిల్డ్, టెస్టులు, అన్నీ స్క్రిప్టే చేస్తోంది. ఆ పని మళ్లీ చేత్తో చేయమంటే నేను చేయను. కానీ పందొమ్మిదో మెట్టు దగ్గర ఆగుతుంది. మనిషి వెళ్లి వచ్చానని చెప్పేదాకా కదలదు. మీ ఊళ్లో టీ ఎంతసేపు తాగాలని షిరీన్ అడిగింది. ఒక పోటు, ఒక ఆటు అని రాశాను. వాళ్ల లాకుల దగ్గర ఎంతో వాళ్లనే అడగమన్నాను.

ఇది ఇరవై తొమ్మిదో లాకు నుంచి రాస్తున్నాను. పొద్దున వచ్చాను. పోటు అయింది, ఇంకా ఆటు మొదలవలేదు. రెండు టీలు తాగాను. మస్తానమ్మ పిన్ని చింతకాయలు ఒలుస్తూ తన కూతురి ఇంటి సంగతులు చెబుతోంది. లాకు ఎలా ఉందో చెప్పలేదు. నేనూ అడగలేదు.